మౌలా అనే మాటకు రెండు అర్థాలు



తార్నాక దాటి మౌలాలి వైపు వస్తుంటే దూరం నుంచే ఒక గుట్ట కనబడుతుంది. ఒంటి రాతి గుట్ట. దాని నెత్తిన తెల్లటి దర్గా. ఆ గుట్ట పేరే ఊరి పేరయింది. ఊరి పేరే రైల్వే స్టేషన్ పేరయింది. మౌలాలి. మనం ఒకే మాటగా పలుకుతాం గానీ ఇవి రెండు మాటలు. మౌలా, అలీ. రెండూ అరబ్బీ మాటలే. అలీ అంటే ముహమ్మద్ ప్రవక్తకు వరసకు తమ్ముడు, ఆయన కూతురు ఫాతిమాకు భర్త. మౌలా అంటే ప్రభువు, ఆదుకునేవాడు. ఈ మౌలా అనే మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. దాదాపు తలకిందుల అర్థం. దాన్ని చివర్లో చెబుతాను. అప్పటిదాకా ఈ మాటను మనసులో ఒక మూల ఉంచుకోండి.

అలీ మన దేశాన్ని ఎన్నడూ చూడలేదు. ఆయన 661లో ఇప్పటి ఇరాక్‌లోని కూఫా నగరంలో కన్నుమూశారు. మరి ఆయన పేరు ఈ దక్కను రాయి మీదికి ఎలా వచ్చింది? దానికొక కథ ఉంది. ఇబ్రహీం కుతుబ్ షా గోల్కొండను ఏలుతున్న రోజులు. 1578 ప్రాంతం అని చెబుతారు. కోట కొలువులో యాకూత్ అనే పరిచారకుడు ఉండేవాడు. జబ్బు చేసి పడుకున్నాడు. కలలో ఆకుపచ్చ దుస్తుల మనిషి వచ్చి, మౌలా నిన్ను రమ్మంటున్నారు అని పిలిచాడు. వెంట వెళితే గుట్ట మీద అలీ కూర్చుని ఉన్నారు, చెయ్యి ఒక రాతి మీద ఆనించి ఉంది. తెల్లారి యాకూత్ వెతుక్కుంటూ వచ్చి చూస్తే ఆ రాతి మీద అరచేతి గుర్తు. ఆ గుర్తే ఈ దర్గాకు మూలం. నమ్మేవాళ్లకు అది మహిమ, మిగతావాళ్లకు అది కథ. కానీ ఒక్క సంగతి గమనించండి. రాతి మీద దేవుడి పాదం, మహాత్ముడి చెయ్యి పడ్డ గుర్తు చూసి దండం పెట్టుకోవడం తెలుగు నేలకు కొత్త కాదు. మన కొండల మీద అలాంటి పాదాలు ఎన్ని లేవు? అలీ పేరు అరబ్బు దేశం నుంచి వచ్చింది. ఆ పేరును గుండెకు హత్తుకున్న తీరు మాత్రం ఇక్కడిది. షియాలు ఎక్కుతారు, సున్నీలు ఎక్కుతారు, హిందువులు ఎక్కుతారు. ఆ రాజును కూడా తెలుగు కవులు ఇబ్రహీం అనకుండా మల్కిభరాముడని పిలుచుకున్నారు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. అరబ్బుల సంస్కృతి వేరు, ఇస్లాం మతాచరణ వేరు. రెండూ ఒకే నేల మీద పుట్టాయి, నిజమే. ఒకే భాషలో మాట్లాడాయి, నిజమే. అయినా రెండూ ఒకటి కాదు. ఈ తేడా తెలియకపోతే రెండు వైపులా నష్టం. ముస్లిం కాని మనిషి, పక్కింటి ముస్లింను ఎక్కడో అరేబియా నుంచి వచ్చినవాడిలా చూస్తాడు. ముస్లిం అయిన మనిషి, అరబ్బులా కనబడితే తప్ప తాను సరైన ముస్లిం కానేమో అని అనుమానపడతాడు. ఇద్దరూ పొరబడింది ఒకే చోట. అందుకే ఏ ఆచారం మన కంటబడినా రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఇది మతం చెప్పిందా? లేక ఒక నేల అలవాటా? ఈ రెండు ప్రశ్నలూ మీతోనే ఉంచుకోండి, మళ్లీ మళ్లీ అవసరపడతాయి.

ముందు మనుషుల సంగతి చూద్దాం. అరబ్బులందరూ ముస్లిములు కారు. లెబనాన్‌లో, ఈజిప్టులో, పాలస్తీనాలో తరతరాలుగా క్రైస్తవ అరబ్బులున్నారు. వాళ్లు చదివే అరబ్బీ బైబిల్లో దేవుణ్ణి ఏమంటారో తెలుసా? అల్లాహ్ అనే అంటారు. ఎందుకంటే అరబ్బీ భాషలో దేవుడికి ఉన్న మాట అది. ఇక ముస్లిములందరూ అరబ్బులు కారు. నిజానికి ఎక్కువమంది కారు. ప్రపంచ ముస్లిముల్లో అరబ్బులు ఐదో వంతుకు అటూ ఇటూ ఉంటారు, అంతే. ముస్లిములు బాగా ఎక్కువగా ఉన్న దేశాల పేర్లు తలచుకోండి. ఇండోనేషియా, పాకిస్తాన్, మన భారతదేశం, బంగ్లాదేశ్. ఒక్కటి కూడా అరబ్బు దేశం కాదు. అంత దూరం కూడా పోనక్కర్లేదు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెలకు రండి. గల్ఫ్‌లో పదేళ్లు పనిచేసి వచ్చిన మనిషి పొద్దున లేచి అంజన్నకు దండం పెట్టుకుంటాడు. కానీ అతని మాటల్లో కఫీల్ అనీ, అకామా అనీ, కల్లివెల్లి అనీ అరబ్బీ మాటలు అలవోకగా దొర్లుతాయి. పనిచేయించే యజమానిని ఏమనాలో, కాగితాలు లేకుండా చిక్కుబడితే ఏమంటారో అతనికి అరబ్బీలో తెలుసు. అదే ఊళ్లో మసీదుకు వెళ్లే ముసలాయన ఉంటాడు. ఖురాన్‌లోని అధ్యాయాలు ఎన్నో ఆయనకు కంఠతా వచ్చు. కానీ అరబ్బీలో మంచినీళ్లు అడగమంటే అడగలేడు. ఆయన ఇంట్లో మాట, బజారులో మాట, కలలో మాట తెలుగో దక్కనీ ఉర్దూనో. ఒకరికి భాష వచ్చింది, మతం రాలేదు. ఇంకొకరికి మతం వచ్చింది, భాష రాలేదు. రెండూ వేరు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు హైదరాబాదు పాత నగరం దాటి చాంద్రాయణగుట్ట పక్కనున్న బార్కస్‌కు వెళదాం. బ్యారక్స్ అనే ఇంగ్లీషు మాటే నోళ్లలో నలిగి బార్కస్ అయింది. నిజాం సైన్యంలో కొలువు చేయడానికి యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బు సైనికుల వారసులు అక్కడున్నారు. లుంగీ కట్టు, కహ్వా, గోధుమలూ మాంసమూ కలిపి మెత్తగా ఉడికించే హరీస్. ఇవన్నీ వాళ్ల వెంట వచ్చాయి. వాటిలో ఏ ఒక్కటీ మతవిధి కాదు. కహ్వా తాగకపోతే పాపం లేదు, హరీస్ తింటే పుణ్యం లేదు. అవి ఒక నేల రుచులు, అంతే. అందుకే చూడండి, అవి మతం గీతను ఎంత తేలిగ్గా దాటేశాయో! హరీస్ చుట్టమే మన హలీం. రంజాన్ నెలలో బట్టీల ముందు నిలబడే వరుసలో ఉపవాసం ఉన్నవాళ్లూ ఉంటారు, లేనివాళ్లూ ఉంటారు. హైదరాబాద్ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపులో ఉన్నది హైదరాబాద్ పేరు, అరేబియా పేరు కాదు. హద్రమౌత్ నుంచి వచ్చిన మండి అనే వంటకం ఇప్పుడు విజయవాడలోనూ దొరుకుతుంది. నలుగురు స్నేహితులు ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. వాళ్లలో ఎవరి మతం ఏమిటని పళ్లెం అడగదు. అరబ్బు సైనికులతో వచ్చిన మర్ఫా వాద్యం కూడా అంతే. ఇవాళ హైదరాబాదులో హిందువుల పెళ్లి బరాత్‌లో, వినాయకుడి ఊరేగింపులో మర్ఫా మోగుతుంది. ఇది అరబ్బు సంస్కృతే, కానీ ఇస్లాం కాదు. అదే అయితే వినాయకుడి ముందు మోగేదా?

మళ్లీ మౌలాలి దగ్గరికి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోకి వద్దాం. ఇక్కడ దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థ ఉంది. 1888లో పుట్టింది. ప్రపంచంలో ఎక్కడెక్కడో గ్రంథాలయాల్లో దాగి ఉన్న పాత అరబ్బీ చేతిరాత ప్రతులను వెతికి, సరిచూసి, అచ్చువేయడం దాని పని. ఈ పుస్తకాల కోసం అరబ్బు దేశాల పండితులు హైదరాబాదు వైపు చూశారు. మరి ఇక్కడ అచ్చయిన వాటిలో మతగ్రంథాలు మాత్రమే ఉన్నాయా? లేదు. అల్‌బిరూనీ రాసిన ఖగోళశాస్త్రం ఉంది. అదే అల్‌బిరూనీ మన దేశం గురించి, మన శాస్త్రాల గురించి, మన నమ్మకాల గురించి రాసిన గొప్ప పుస్తకం ఉంది. రాజీ అనే వైద్యుడి వైద్యశాస్త్రం ఉంది. ఇంకా విచిత్రం చెప్పనా? అల్‌బిరూనీ అరబ్బు కాదు, మధ్య ఆసియాలోని ఖ్వారిజం వాడు. రాజీ అరబ్బు కాదు, ఇరాన్ వాడు. అరబ్బులు కానివాళ్లు, మతం కాని విషయాల మీద, అరబ్బీలో రాసిన పుస్తకాలను, తెలుగు నేల మీద అచ్చువేశారు. అక్కడ అరబ్బీ ఒక చదువుల భాష. మన దేశంలో సంస్కృతంలో వైద్యం, గణితం, జ్యోతిషం రాసినట్టే. సంస్కృతం వచ్చినవాడల్లా పురోహితుడు కానట్టే, అరబ్బీ వచ్చినవాడల్లా ముల్లా కాదు. దగ్గరలోనే ఆర్ట్స్ కాలేజీ భవనం ఉంది. 1939లో ప్రారంభమైంది. దాని ముందు ఒక్క నిమిషం నిలబడి చూడండి. పైన కమానులు అరబ్బు, పారసీక కట్టడాలను గుర్తుచేస్తాయి. స్తంభాల దగ్గరికి వస్తే అజంతా, ఎల్లోరా గుహలు గుర్తొస్తాయి. ఆ కమాను కింద చదువుకున్న విద్యార్థి ఎవరూ కమాను వల్ల ముస్లిం కాలేదు, స్తంభం వల్ల బౌద్ధుడు కాలేదు. కమాను ఒక కట్టుబడి, అంతే. మదీనాలో ప్రవక్త కట్టుకున్న తొలి మసీదుకు గుమ్మటం లేదు, మీనారు లేదు. మట్టి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, పైన ఖర్జూరపాకుల కప్పు. గుమ్మటాలూ మీనార్లూ తర్వాత ఒక్కో దేశంలో ఒక్కో తీరున వచ్చి చేరాయి.

ఇప్పటిదాకా ఇస్లాం లేని అరబ్బు సంస్కృతిని చూశాం. ఇక దీన్ని తిప్పి చూద్దాం. అరబ్బు సంస్కృతి లేని ఇస్లాం ఉంటుందా? మన చుట్టూ ఉన్నది అదే. మాటలతో మొదలుపెడదాం. నమాజ్ అంటాం. రోజా అంటాం. ఖుదా అంటాం. పైగంబర్ అంటాం. దర్గా, పీరు అంటాం. ఇవేవీ అరబ్బీ కావు, పారసీక మాటలు. ఖురాన్‌లో ప్రార్థనకు సలాత్ అనీ ఉపవాసానికి సౌమ్ అనీ ఉంటుంది. అంటే మన దేశపు ముస్లిములు తమ మతంలో అన్నిటికంటే ముఖ్యమైన రెండు విధులకు అరబ్బీ కాని పేర్లు పెట్టుకుని వందల ఏళ్లు నిష్ఠగా పాటించారు. పేరు మారినందుకు ప్రార్థన చెడిందా? చెడలేదు. ఇప్పుడు ఒక హైదరాబాదీ ముస్లిం పెళ్లికూతురి మెడ వైపు చూడండి. సన్నటి నల్లపూసల పేటలు, మధ్యమధ్య బంగారు గుండ్లు. దాన్ని లచ్ఛా అంటారు. పెళ్లయిన ఆడపిల్లకు అది గుర్తు. అరేబియాలో ఇలాంటి ఆచారం లేదు, ఖురాన్‌లో దాని ఊసు లేదు. మన నల్లపూసలే అవి. నిఖా జరిగింది ఇస్లాం పద్ధతిలో. మెడలో పడింది దక్కను పూసలు. ఆ రెంటికీ పేచీ లేదు. ఇక తెలుగే మాతృభాషగా ఉన్న దూదేకుల వారిని చూడండి. దూదిని ఏకడం వృత్తి కాబట్టి ఆ పేరు. ఇంట్లో తెలుగు, సామెత తెలుగు, జోలపాట తెలుగు, నమాజు మాత్రం కాబా దిక్కుకే. వాళ్లు ఎవరికంటే తక్కువ ముస్లిములు? పిఠాపురంలో ఉమర్ ఆలీషా తెలుగు పద్యం రాశారు. ఖురాన్‌ను మొదటిసారి తెలుగులోకి తెచ్చింది చిలుకూరి నారాయణరావు అనే హిందూ పండితుడు. అరబ్బు నేల నుంచి వచ్చిన మాటకు తెలుగు గొంతు ఇవ్వొచ్చని వాళ్లు నమ్మారు. ఇచ్చి చూపించారు.

ఇక పీర్ల పండుగ. కర్బలాలో అలీ కొడుకు హుసేన్ బలైపోయిన కథ అరబ్బు చరిత్రే. అది 680లో జరిగింది. కానీ తెలంగాణ పల్లెలో హసన్, హుసేన్ అన్నదమ్ములు ఆసన్న ఊసన్నలయ్యారు. పీర్లకు దట్టీలు కడతారు. గుండం తవ్వుతారు. మలీద ముద్దలు పంచుతారు. పీరును ఎత్తుకునేవాళ్లలో హిందువులు ఎందరో. అనంతపురం జిల్లా గూగూడులో పీరును కుళ్లాయిస్వామి అని పిలుస్తూ జనం తరలివస్తారు. కర్బలా ఎడారిలో హుసేన్ పరివారం పడ్డ దాహం మన పల్లెలో పంచే షర్బత్ అయింది. ఒక అరబ్బు వచ్చి చూస్తే ఇందులో తన దేశాన్ని పోల్చుకోలేడు. మన రైతు చూస్తే తన ఊరి జాతరే అనుకుంటాడు.

ఇదంతా తర్వాతి కాలంలో మనవాళ్లు చేసుకున్న సర్దుబాటు కదా, అసలు మతం ఏమంటుంది అని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మొదటికే వెళదాం. ఇస్లాం పుట్టినప్పుడు దానికి ఎదురు నిలిచిందెవరు? మక్కాలోని అరబ్బులే. వాళ్ల వాదన ఏమిటి? ఇది మా తాతముత్తాతల ఆచారం కాదు అని. ఖురాన్ ఆ వాదనను ఎన్నోసార్లు తప్పుపట్టింది. ఆడపిల్లను పుట్టగానే మట్టిలో పూడ్చే అలవాటు కొందరు అరబ్బుల్లో ఉండేది. ఖురాన్ దాన్ని గట్టిగా ఖండించింది. అంటే ఈ మతం తన తొలి పోరాటం చేసింది అరబ్బు ఆచారాలతోనే. అలాంటప్పుడు అరబ్బు ఆచారమే మతం అని ఎలా అంటాం? ఇంకో రెండు సంఘటనలు ప్రవక్త మాటలనూ చేతలనూ చెప్పే, ముస్లిములు ప్రామాణికంగా భావించే హదీసు గ్రంథాల్లోనే ఉన్నాయి. ఒకసారి ప్రవక్త ముందు వండిన మాంసం పెట్టారు. ఉడుము లాంటి ఎడారి జంతువు మాంసం అది. ఆయన చెయ్యి చాపి, అదేమిటో తెలియగానే వెనక్కి తీసుకున్నారు. పక్కనున్న అనుచరుడు ఖాలిద్ అడిగాడు, ఇది నిషిద్ధమా అని. కాదు, మా వాళ్ల నేల మీద ఇది ఉండదు, అందుకే నాకు మనసొప్పడం లేదు అన్నారాయన. ఖాలిద్ ఆ పళ్లెం తన వైపు లాక్కుని తిన్నాడు. ప్రవక్త చూస్తూ ఊరుకున్నారు. ఆ పళ్లేన్ని కళ్ల ముందు ఉంచుకోండి. మతం ఒక పక్క, అలవాటు ఒక పక్క. నాకు ఇష్టం లేదు అనడం వేరు, నీకు నిషేధం అనడం వేరు. ఈ తేడాను స్వయంగా ఆయనే చూపించారు. రెండో సంఘటన రైతులకు బాగా అర్థమవుతుంది. మదీనాలో రైతులు మగ ఖర్జూరపు పూతను ఆడచెట్టుకు అందించేవారు. అలా చేయకపోతే ఏమవుతుంది అన్నట్టు ప్రవక్త మాట్లాడితే వాళ్లు మానేశారు. ఆ ఏడు కాపు దెబ్బతింది. సంగతి తెలిసి ఆయన, మీ లోకవ్యవహారాలు మీకే బాగా తెలుసు అనే అర్థం వచ్చేలా చెప్పారు. మతబోధ వరకు నా మాట, సేద్యం సంగతి మీ ఎరుక అని. ధర్మశాస్త్ర పండితులు కూడా దీన్ని పట్టుకున్నారు. ఆరాధన విషయంలో చెప్పింది చెప్పినట్టు చేయాలి, తిండీ బట్టా వ్యాపారం వంటి వాటిలో మతానికి విరుద్ధం కానంత వరకు ఆ ప్రాంతపు ఆచారమే చెల్లుతుంది అన్నారు. మన పెద్దలు దేశాచారం అన్నట్టే, వాళ్లు ఉర్ఫ్ అన్నారు.

దీని మీద వచ్చే అభ్యంతరాలను దాటవేయడం న్యాయం కాదు. మొదటిది. ఖురాన్ అరబ్బీలో ఉంది, నమాజు అరబ్బీలో, అజాన్ అరబ్బీలో. మరి విడదీయడం ఎలా? నిజమే. ఆరాధన భాషగా అరబ్బీ స్థానం గట్టిది. హజ్ యాత్ర, చాంద్రమానపు నెలలు కూడా పాత అరబ్బు జీవితంలోంచే వచ్చాయి. కానీ వాటిని మతం తీసుకుంది, కొత్త అర్థం ఇచ్చింది, విధిగా చేసింది. మతం తీసుకున్నది మతం. మతం వదిలేసింది అలవాటు. గీత అక్కడుంది. మన పెళ్లిలో మంత్రం సంస్కృతంలో చదువుతారు. అంతమాత్రాన అప్పగింతల పాట, పప్పన్నం, పెళ్లివారి వేళాకోళం సంస్కృతం కావు కదా! మంత్రం భాష ఒకటి, ఇంటి భాష ఇంకొకటి. ప్రతి ప్రవక్తనూ ఆ జాతి మాట్లాడే భాషలోనే పంపామని ఖురానే చెబుతుంది. అరబ్బీలో రావడానికి కారణం వినేవాళ్లు అరబ్బులు కావడం. మిగతా భాషలు తక్కువవి కావడం కాదు.

రెండో అభ్యంతరం ముస్లిం సమాజం లోపలి నుంచే వస్తుంది. పీర్లు, గుండాలు, దర్గా మొక్కులు అసలు ఇస్లాంలో లేవు, వాటిని వదిలి శుద్ధమైన మతానికి రావాలి కదా అంటారు. ఆ వాదన చేసే హక్కు వాళ్లకుంది. పండితుల్లో దాని మీద పెద్ద చర్చే ఉంది, ఆ చర్చ తేల్చాల్సింది వాళ్లే. నేను అడిగేది చిన్న మాట. ఇక్కడి అలవాటు తీసేసిన చోట ఏం పెడుతున్నాం? మతాన్ని పెడుతున్నామా, రియాద్ నగరపు అలవాటును పెడుతున్నామా? రంజాన్ అనే మాటను రమదాన్ అని పలికితే ఉపవాసం పెరగదు. ఒంటిని మర్యాదగా కప్పుకోమని మతం చెప్పింది, ఎంత మేర అనే దాని మీద పండితుల మాటలున్నాయి. కానీ నల్లరంగే ఉండాలని, గల్ఫ్ కత్తిరింపే ఉండాలని చెప్పలేదు. తలమీద చీరకొంగు కప్పుకుని పత్తి చేలో కలుపు తీసిన పల్లెటూరి ముస్లిం తల్లి మర్యాదకు ఏం తక్కువ? ఎవరు ఏం కట్టుకోవాలన్నది వాళ్ల ఇష్టం. అబాయా అనే ఆ గల్ఫ్ దుస్తులు వేసుకోవాలనుకుంటే నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. అది వేసుకోని వాళ్లకు మతం లేదనడమే తప్పు. అలాగే ఇక్కడి అలవాట్లన్నీ మంచివని కూడా నేను అనను. మతం ప్రకారం పెళ్లిలో వరుడు వధువుకు మహర్ ఇవ్వాలి. కానీ మన దగ్గర ఏం జరుగుతోంది? జోడే కీ రఖమ్ అంటూ ఆడపిల్ల తండ్రి దగ్గర డబ్బు గుంజుతున్నారు. ఇది ఖురాన్‌లో లేదు, అరేబియా నుంచి రాలేదు. మన వరకట్నమే వేషం మార్చుకుని ఆ ఇంట్లో దూరింది. శుద్ధి చేయాలనుకునేవాళ్లు ముందు దీని మీద చెయ్యి వేస్తే ఎన్ని ఇళ్లు బాగుపడతాయో!

మూడో అభ్యంతరం బయటి నుంచి వస్తుంది. ఏదైనా చెడు కనబడగానే అది మతం కాదు, అరబ్బు సంస్కృతి అని తప్పించుకోవడానికి ఈ తేడా పనికొస్తోంది కదా అంటారు. ఇందులో నిజం ఉంది. అందుకే ఆ రెండు ప్రశ్నల జల్లెడను మనకు అనుకూలమైనప్పుడే పట్టుకుంటే చెల్లదు. వారసత్వంలో కూతురికి కొడుకు వాటాలో సగం అనేది ఖురాన్‌లోనే ఉంది. దాన్ని అరబ్బు అలవాటు అని పక్కకు నెట్టలేం. చర్చిస్తే మతవిధిగానే చర్చించాలి, ముస్లిం స్త్రీలు చర్చిస్తూనే ఉన్నారు కూడా. అదేవిధంగా గల్ఫ్ నుంచి డబ్బు సంచితో వచ్చిన ముసలివాడికి పాత నగరంలో పేదింటి పసిపిల్లను కట్టబెట్టిన వార్తలు చదువుతుంటాం. దాన్ని ఇస్లాం అనడం తప్పు. అరబ్బు సంస్కృతి అనడం కూడా తప్పే. అది ఒకడి డబ్బు, ఒకరి పేదరికం, మధ్యలో దళారీ. నేరానికి నేరమనే పేరు పెడదాం. మతానికీ జాతికీ దాన్ని అంటగట్టకుండా ఉండటం నేరస్థుణ్ణి కాపాడటం కాదు. అసలు నేరస్థుడు ఎవరో కనబడేలా చేయడం.

ఇప్పుడు మొదట్లో దాచుకోమన్న మాట బయటికి తీద్దాం. మౌలా. ప్రభువు అని చెప్పుకున్నాం. రెండో అర్థం ఏమిటంటే, ఒకరి నీడన బతికేవాడు, ఆశ్రితుడు. ప్రవక్త తర్వాత ఇస్లాం అరేబియా దాటి ఇరాన్, మధ్య ఆసియా దాకా పాకింది. అక్కడ మతం మార్చుకున్నవాళ్లు ఏదో ఒక అరబ్బు తెగకు ఆశ్రితులుగా చేరాల్సి వచ్చేది. అలా చేరినవాణ్ణి మౌలా అన్నారు. అంటే అరబ్బు కానివాడు ముస్లిం అయినా రెండో మెట్టు మీదే. కొన్నిచోట్ల మతం మారినా పాత పన్నులు వదల్లేదు. తెల్లవాడికి నల్లవాడి మీద, అరబ్బుకు అరబ్బు కానివాడి మీద పైచేయి లేదని ప్రవక్త బోధించారని చెప్పుకునే మతంలోనే ఇది జరిగింది. ఇది మతం కాదు, తెగల గర్వం. ఎనిమిదో శతాబ్దం మొదట్లో, 717 నుంచి 720 దాకా పాలించిన ఖలీఫా రెండో ఉమర్, ముస్లిం అయినవాడి దగ్గర ఆ పన్ను తీసుకోవద్దని ఆజ్ఞ ఇచ్చారు. అంటే ముస్లిం కావాలంటే అరబ్బు కావాలా అనే ప్రశ్న ఇవాళ్టిది కాదు, పదమూడు వందల ఏళ్ల నాటిది. జవాబు కూడా అప్పుడే వచ్చింది, అక్కర్లేదు అని.

ఆ ఆశ్రితుల ఇళ్లలో ఒకదానిలో, అలీ కన్నుమూసిన ఆ కూఫా నగరంలోనే, 699 ప్రాంతంలో ఒక పిల్లవాడు పుట్టాడు. పారసీక మూలాలున్న కుటుంబం. పట్టు బట్టల వ్యాపారం చేస్తూనే ధర్మశాస్త్రం చదివాడు. ఆయనే ఇమామ్ అబూ హనీఫా. ఆయన వేసిన బాటనే హనఫీ అంటారు. మన తెలుగు నేల మీద సున్నీ ముస్లిముల్లో ఎక్కువమంది నడిచేది ఆ బాటలోనే. నమాజులో చేతులు ఎక్కడ కట్టుకోవాలో, వ్యాపారంలో ఏది న్యాయమో వాళ్లు ఆయన సంప్రదాయం నుంచే నేర్చుకున్నారు. అరబ్బు కాని ఒక మౌలా వారసుడి దగ్గర! కాబట్టి ఈసారి రైలులోనో బస్సులోనో మౌలాలి అనే పేరు వినబడ్డప్పుడు ఆ గుట్ట వైపు ఒకసారి చూడండి. గుట్ట మీద ఉన్న మౌలా అరబ్బు. గుట్ట కింద మసీదుల్లో నమాజు చేసేవాళ్లకు దారి చూపిన మౌలా అరబ్బు కాదు. ఇద్దరినీ ఒకే మాటతో పిలిచింది అరబ్బీ భాష. ఇద్దరికీ చోటిచ్చింది ఇస్లాం. మోస్తున్న రాయి మాత్రం మనది.